నకిరేకల్ పెద్దమ్మ బిడ్డ

తొమ్మిదో తరగతి మొదలైన కొన్నాళ్ళకు, ఒకరోజు ఇంటర్వెల్‌లో కుళాయి దగ్గర మా క్లాసమ్మాయి ఒకతి నన్నడిగింది. "నువ్వు తెలంగాణదానివా, ఆంధ్రదానివా?"

కోపంగా ఏమీ అడగలేదు. హోంవర్క్ చేశావా అన్నంత మామూలుగా అడిగింది. దోసిట్లో నీళ్ళు పట్టుకుని ఉన్న నేను తాగడం మానేసి ఆలోచనలో పడ్డాను. చివరికి "నేను కొత్తపేటదాన్ని" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నేను హాస్యమాడాననుకున్నారు. నిజానికి నాకు అంతకన్నా మంచి జవాబు తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టాను. కొత్తపేటలో ఒక కిరాయి ఇంటి నుంచి ఇంకో కిరాయి ఇంటికి మారుతూ పెరిగాను. నాన్న ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. అమ్మా నాన్నా పెళ్ళయిన కొత్తలో తెనాలి పక్క ఊరి నుంచి వచ్చారని తెలుసు. ఆ ఊరు నాకు వేసవి సెలవుల్లో వెళ్ళే ఊరు మాత్రమే. అక్కడ మా మామయ్య పిల్లలు నన్ను "ఏయ్ హైదరాబాదూ" అని పిలిచేవాళ్ళు. "ఏదీ, జర అను, పరేషాన్ అను" అని అడిగి నాతో అనిపించుకుని నవ్వేవాళ్ళు.

ఆ సాయంత్రం అమ్మనడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా చెప్పింది. "మనది తెనాలి దగ్గరని చెప్పు. దాచేదేముంది?" ఒక రాయి ఏరి పక్కన పడేసి, "అడగకపోతే మాత్రం చెప్పకు" అంది.

నాన్ననడిగితే చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "మా షెడ్డుకొచ్చే లారీలది ఏ ఊరే? నంబరొక ఊరిది, డ్రైవరొక ఊరివాడు, సరుకింకో ఊరిది. బండి నడుస్తుందా లేదా అన్నదే చూస్తాం" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. మర్నాడు కుళాయి దగ్గర చెప్పడానికి మాత్రం అది పనికిరాలేదు.

అవి ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. పొద్దున లేచి టీవీ పెడితే గాని బడి ఉందో లేదో తెలిసేది కాదు. బంద్ అంటే సెలవు. ఆ సెలవుకు బదులు ఆదివారం క్లాసులు. మా బడి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇరుకు సందులో, మూడంతస్తుల భవనం. కింద జిరాక్స్ షాపు, పక్కన కోచింగ్ సెంటర్లు. అప్పటిదాకా మా క్లాసులో రెండే జట్లు ఉండేవి, బాగా చదివేవాళ్ళు, చదవనివాళ్ళు. ఆ ఏడాది కొత్త జట్లు వచ్చాయి. ఎవరూ పిలిచి విడదీయలేదు. ఒకరోజు చూస్తే కిటికీ వైపు బెంచీల్లో నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పిల్లలు, గోడ వైపు బెంచీల్లో గుంటూరు, కృష్ణా వైపు పిల్లలు ఉన్నారు. నేను ఎప్పటినుంచో కూర్చునే చోటు కిటికీ పక్కన. ఫ్యాను గాలి అక్కడే బాగా తగిలేది. గోడ వైపుకు వెళ్ళాలా, ఉన్నచోటే ఉండాలా తెలియక కొన్నాళ్ళు బడికి ఆలస్యంగా వెళ్ళడం మొదలుపెట్టాను. ఆలస్యంగా వెళ్తే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే కూర్చోవాలి కదా.

ఇదంతా ప్రిన్సిపల్ మేడమ్ కంట్లో పడింది. ఆవిడ పొడుగ్గా ఉండేది. మెడలో సన్నని గొలుసుకు చిన్న సిలువ. మాట్లాడితే ఇంగ్లీషు, లేకపోతే పాఠ్యపుస్తకంలోంచి చదివినట్టుండే తెలుగు. ఏ ఊరావిడో ఎవరికీ తెలియదు. ఒక సోమవారం ప్రార్థనలో, "బడి అంటే ఒక కుటుంబం. ఇకపై ప్రతి వారం బెంచీలు మారతాయి. మధ్యాహ్నం అందరూ మేడమీద ఒకే వలయంగా కూర్చుని భోజనం చేయాలి" అని ప్రకటించింది.

మేడమీద వలయమైతే ఏర్పడింది. పైనుంచి ఎవరైనా చూస్తే చక్కగా గుండ్రంగానే కనిపించి ఉంటుంది. అందులో సగం కిటికీ వైపు వాళ్ళు, సగం గోడ వైపు వాళ్ళు. రెండు సగాలు కలిసేచోట నేను. ఒకవైపు నుంచి "ఉల్లిగడ్డ కూర తెచ్చినవా?" అని అడిగేవాళ్ళు, ఇంకోవైపు నుంచి "ఉల్లిపాయ కూరా?" అనేవాళ్ళు. నేను డబ్బా మధ్యలో పెట్టి ఊరుకునేదాన్ని. ఒకరోజు డస్టర్ కోసం స్టాఫ్‌రూమ్‌కి వెళ్తే అక్కడ టీచర్లు రెండు బల్లల దగ్గర రెండు గుంపులుగా కూర్చుని తింటున్నారు. లెక్కల సార్ నన్ను చూసి మూత పెట్టేసుకున్నాడు. పైకి వచ్చాక ఎవరికీ చెప్పలేదు.

మాకు ఆటల టీచరుగా ఆ ఏడే ఒకావిడ కొత్తగా వచ్చింది. మిర్యాలగూడ దగ్గరి పల్లె ఆవిడది. బడికి మైదానం లేదు కాబట్టి రెండు సందుల అవతల, ఇంకా ఇల్లు కట్టని ఒక ప్లాటులో మాతో ఖోఖో ఆడించేది. పిచ్చిమొక్కలు పీకించి, సున్నంతో గీతలు గీయించింది. జట్టు ఎంపిక రోజు అందరినీ వరసగా ఉరికించి, వేగంగా పరుగెత్తినవాళ్ళను చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టింది. నన్ను కూడా. "నువ్వు సన్నగున్నవు గని కాళ్ళల్ల స్ప్రింగులున్నయే" అంది. ఆ ఏడాది నన్ను ఎవరైనా దేనికైనా అంత సులువుగా తీసుకున్నది అదొక్కసారే.

జట్టుకు కెప్టెన్ మా క్లాసులోనే ఇంకో అమ్మాయి. వాళ్ళ నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ట్రాలీ ఆటో నడిపేవాడు. నకిరేకల్ దగ్గర వాళ్ళ పల్లె. కుదిమట్టంగా, గట్టిగా ఉండేది. పరుగు మధ్యలో దిశ మార్చిందంటే ఎదుటివాళ్ళు బోర్లా పడాల్సిందే. నాకు ఆమెలో ఒకటి వింతగా తోచేది. క్లాసులో "అవునండి సార్, రాశానండి" అనేది. గీత దాటి ప్లాటులో అడుగుపెట్టగానే "ఉర్కు! గటు కాదు, గిటు!" అని కేకలు వేసేది. రెండు గొంతులూ ఒకే మనిషివని నమ్మడం కష్టంగా ఉండేది. అయినా ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. మేమిద్దరం స్నేహితులమనే అనుకునేదాన్ని. ప్రాక్టీసయ్యాక కొత్తపేట దాకా కలిసి నడిచేవాళ్ళం. ఆమె చాలా మాట్లాడేది, ఎక్కువగా తిండి గురించీ, గాయాల గురించీ.

దసరా సెలవుల తరవాత ఒక శనివారం ఎల్బీ నగర్‌లో ఇంకో బడి జట్టుతో మాకు స్నేహపూర్వకంగా ఒక ఆట కుదిరింది. పొద్దున బస్సులోనే వెళ్ళాం. గెలిచాం. సంతోషంగా కేరింతలు కొడుతూ బస్టాపుకు వస్తే రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. ఉద్యమంవాళ్ళు దారి పొడవునా వంటావార్పు పెట్టారని, బండ్లు వేరే దారిలో పోతున్నాయని అక్కడ ఒకతను చెప్పాడు. ఆటల టీచరు ఎండవైపు చూసి, మా వైపు చూసి, "నడుద్దాం పార్రి. ఆటగాళ్ళకు నడకొక లెక్కనా" అంది.

విజయవాడ రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. రోజూ లారీల మోతలో మాట వినపడని చోట మా బూట్ల చప్పుడు మాకు వినిపించింది. కొంతదూరం పోయాక పొగ, డప్పు, ఆడవాళ్ళ పాట. రోడ్డు మధ్యలో ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టారు. పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, ఆటోవాళ్ళు, బస్తీ ఆడవాళ్ళు అందరూ తారు మీదే వరసలుగా కూర్చుని తింటున్నారు. పొద్దుటినుంచి ఆడి ఆకలితో ఉన్నామేమో, ఆ పప్పు వాసనకు మా నడక దానంతటదే ఆగిపోయింది.

గరిటె పట్టుకున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఏ బడి బిడ్డలమ్మ మీరు? ఎండల ఏడికెళ్ళి వస్తున్నరు? రార్రి, కూసోర్రి" అని చేయి పట్టి లాగింది. కూర్చున్నాం. విస్తరాకులు వేశారు. వడ్డిస్తూ ఆవిడ ఒక్కొక్కరినీ అడుగుతోంది. "నీదేవూరు బిడ్డా?" సూర్యాపేట అంది ఒకతి. దేవరకొండ అంది ఇంకొకతి. "మా అమ్మగారూరు ఆడికి దగ్గర్నే" అని ఆవిడ ఇంకో గరిటె ఎక్కువ వేసింది. ఆ రోజు జట్టులో ఆంధ్ర వైపు నుంచి వచ్చిన కుటుంబం పిల్లను నేనొక్కదాన్నే. వరసలో నా ముందు ఇద్దరున్నారు. తరవాత ఒకరు. అమ్మ మాట గుర్తొచ్చింది, అడిగితే చెప్పు. అడుగుతోంది కదా, చెప్తాను అనుకున్నాను. భయం వేసిందా? వేసిందనే అనుకుంటాను. అయినా చెప్పాలనే నిశ్చయించుకున్నాను.

"నీదేవూరు బిడ్డా?"

"మాది—"

"మా పెద్దమ్మ బిడ్డ. మాది నకిరేకల్" అంది కెప్టెన్ నా పక్కనుంచి, నా మోకాలి మీద చెయ్యేసి గట్టిగా నొక్కుతూ.

"గట్లనా! మరి నోరిప్పదేంది?"

"దానికి సిగ్గు."

ఆవిడ నా గడ్డం పట్టుకుని, "మా దిక్కు పిల్లలు గింతే, సిగ్గుతోనే సస్తరు. తిను తల్లీ, మంచిగ తిను" అంది. అరచేతికి బూడిద, పొగ వాసన. నా విస్తట్లో అందరికన్నా ఎక్కువ వడ్డించింది.

నేను తిన్నాను. ఆ పప్పు రుచి ఇప్పటికీ చెప్పగలను. పచ్చిమిరపకాయలు దండిగా వేశారు. నోరు మండిపోయింది. నీళ్ళు కావాలి. "నీళ్ళండీ" అంటే నా యాస బయటపడుతుంది. అందుకని గ్లాసు పైకెత్తి చూపించాను. ఆవిడ నవ్వుకుంటూ పోసింది. పప్పు ఇంకొంచెం కావాలనిపించింది. అదీ అడగలేదు. చుట్టూ నా జట్టువాళ్ళు గలగలా మాట్లాడుతుంటే నేను మూగదానిలా తలూపుతూ కూర్చున్నాను. ఆవిడ అటుగా పోయే ప్రతిసారీ నా తల నిమిరిపోతోంది. అంత ప్రేమ నా మీద బయటివాళ్ళెవరూ చూపించలేదు. అది నా మీదో, నకిరేకల్‌లో ఉన్న ఎవరో ఒక పెద్దమ్మ కూతురి మీదో నాకు తేలలేదు. సంతోషించాలా, లేచిపోవాలా? ఆటల టీచరు ఎదురుగానే కూర్చుని తింటోంది. అంతా విన్నది. తన విస్తట్లోకి తల వంచేసుకుంది.

బయల్దేరేటప్పుడు అందరూ "జై తెలంగాణ" అన్నారు. మా పిల్లలూ అన్నారు. నేను నోరు తెరిచినట్టు గుర్తుంది. శబ్దం వచ్చిందో లేదో మాత్రం గుర్తులేదు.

బడి దగ్గర అందరం విడిపోయి, ఇంటిదారిలో చైతన్యపురి దాటాక అడిగాను. "ఎందుకలా చెప్పావ్? నేను చెప్పేదాన్ని కదా."

"ఏం చెప్పేటిదానివి?"

"మాది తెనాలి అని."

"చెప్తే?"

"చెప్తే ఏమవుతుంది?"

కెప్టెన్ ఆగి నావైపు తిరిగింది. "నాకేమెర్క ఏమైతదో! ఏమన్న అయితే? నీకోసమే జెప్పిన."

"నేను చెప్పమన్నానా?"

ఇద్దరం నిజంగానే జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు ఒకరినొకరం చూసుకున్నాం. ఆ పెద్దావిడ ఏమనేదో మాకు తెలియదు. "తెనాలా? అయితే ఏంది, తిను" అనేదేమో. అనకపోయేదేమో. అది తెలుసుకునే అవకాశం ఆ ఒక్క మాటతో పోయింది. నాకు కోపం వచ్చింది దానికేనని చాలా ఏళ్ళ తరవాత అనిపించింది. అప్పుడైతే కోపం ఎందుకో కూడా తెలియలేదు. మేలు చేసినవాళ్ళ మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. మిగిలిన దారంతా ఆమె రోడ్డుకు ఆ పక్కన, నేను ఈ పక్కన నడిచాం.

ఆ తరవాత ప్రాక్టీసు పాడైంది. ఖోఖోలో వరసగా కూర్చునేవాళ్ళు ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. వెనకనుంచి వచ్చి వీపు తట్టి "ఖో" అంటేనే లేచి ఉరకాలి. కెప్టెన్ నా వెనక్కి వచ్చి కూడా నన్ను దాటిపోయి పక్కదాన్ని తట్టేది. నేనూ అంతే. మేం పట్టుకోవలసినవాళ్ళు మా మధ్యలోంచి తాపీగా నడిచిపోయేవాళ్ళు. ఆటల టీచరు విజిల్ కింద పడేసి, "మీ ఇద్దరికి ఏం పుట్టిందే?" అని అరిచింది. సంగతి ప్రిన్సిపల్ మేడమ్ దాకా పోయింది.

ఆవిడ గదిలో మమ్మల్ని నిలబెట్టి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఎప్పుడూ లేనిది ఆవిడ ముఖంలో అలసట కనిపించింది.

"మీ ఇద్దరి మధ్య ప్రాంతాల గొడవేనా?"

"కాదు మేడమ్" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మరి ఏమిటి?"

నేను కెప్టెన్ వైపు చూశాను. ఆమె నావైపు చూసింది. "ఆమె నన్ను తన చెల్లెలని చెప్పింది మేడమ్" అన్నాను చివరికి. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను చూసింది. అది ఫిర్యాదో, పొగడ్తో ఆవిడకు అర్థంకాలేదని తెలుస్తూనే ఉంది. నాకు అర్థమైతే కదా! "వెళ్ళండి, చేతులు కలిపి వెళ్ళండి" అంది. చేతులు కలిపాం. గుమ్మం దాటగానే వదిలేశాం.

తరవాతి ఆదివారం నాన్నకు జ్వరం వస్తే అమ్మ బత్తాయిలు తెమ్మని నన్ను మార్కెట్‌కు పంపింది. పండ్ల మార్కెట్ మా ఇంటికి దగ్గరే. లారీల మీదినుంచి కాయలు దించుతున్నారు, నేలంతా గడ్డి, కుళ్ళిన పండ్ల తీపి వాసన. ఒక ట్రాలీ ఆటో వెనక తొట్టిలో కాళ్ళు వేలాడేసుకుని కెప్టెన్ కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న కిరాయి మాట్లాడుకోవడానికి లోపలికి వెళ్ళాడట. తప్పించుకుని పోదామనుకున్నాను గాని ఆమె చూసేసింది. కొంచెం జరిగి చోటిచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

ఆమే మొదలుపెట్టింది.

"ఆరో తరగతిల నేనీ బడికి వచ్చిన. ఊరికెళ్ళి సీదా. మొదటిరోజే తెలుగు మేడమ్‌ను 'మేడమ్, గా కిటికి పెట్టన్నా?' అనడిగిన. క్లాసు క్లాసంత నవ్వింది. మేడమ్ గూడ నవ్వింది. 'కిటికీ ఎక్కడ పెడతావమ్మా, ఇంటికి తీసుకెళ్ళి పెడతావా?' అన్నది. కిటికి మూసుడు అని నా అర్థం. మా ఊర్ల గట్లనే అంటరు."

నాకు ఆ సంగతి తెలియదు. నేను వేరే సెక్షన్లో ఉండేదాన్ని అప్పుడు.

"గప్పటి సంది క్లాసుల మీ లెక్క మాట్లాడుడు నేర్చుకున్న. టీవీ చూసి, పక్కపిల్లను చూసి. ఏడో తరగతిల ఒక పిల్ల మీదేవూరని అడిగితే విజయవాడ అని చెప్పిన. నమ్మింది. దోస్తీ చేసింది. అమ్మను పేరెంట్స్ మీటింగ్‌కు రావొద్దన్న. వస్తే మాట్లాడతది గద."

"మీ అమ్మ ఏమంది?"

"ఏమనలే. బాపును పంపింది. బాపుకు చెప్పిన, నువ్వు తలకాయ ఊపు చాలని." ఆమె తొట్టిలో దొర్లుతున్న ఒక బత్తాయిని కాలితో ఆపింది. "ఇప్పుడు జూస్తే అందరు మన యాస మన యాస అంటున్నరు. కిటికీ దిక్కు కూసున్నోళ్ళంత గట్లనే మాట్లాడుతున్నరు. నాకేమో క్లాసుల నోట్లెకెళ్ళి వస్తలేదు. ఎంత తెచ్చుకున్నా అవునండీ అనే వస్తది. ఏది నాదో నాకే తెలుస్తలేదు."

ఆ బత్తాయిని తీసి, తుడిచి ఆమె చేతిలో పెట్టాను.

"గందుకే గా రోజు ఆమె నిన్నడిగితే నాకు గది తప్ప ఇంకోటి తోచలే. ఊరు మార్చి చెప్తే పరేషాన్ ఉండదు. నేను గట్లనే బతికిన గద. నీక్కోపమెందుకొచ్చిందో నిజంగ నాకు సమజ్ కాలే."

"నాకూ కాలేదు" అన్నాను. నిజమే చెప్పాను. ఆమె కథ విన్నాక నా కోపం పోవాలి. పోలేదు. దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది. రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా అలాగే ఉన్నాయి. "ఇంకోసారి ఎవరైనా అడిగితే నన్నే చెప్పనివ్వు. తంతే తన్నులు తింటాను" అన్నాను.

"సరె. మరి నేను?"

"నువ్వేం చేస్తావ్?"

"నీతోని తింట" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. వాళ్ళ నాన్న వచ్చి, నన్ను చూసి, అలవాటుగా తలూపాడు. అప్పుడు ఆమె, "బాపూ, గీమెతోని మాట్లాడొచ్చు" అంది. ఆయన తెల్లబోయి, "ఏం మాట్లాడాలె?" అన్నాడు. మా నాన్న కోసం ఆయనే బత్తాయిలు ఏరి ఇచ్చాడు.

ఆ చలికాలం బడుల మధ్య జరిగిన టోర్నమెంటులో మేము రెండో ఆటలోనే ఓడిపోయాం. అవతలివాళ్ళు మాకన్నా బాగా ఆడారు, అంతే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎవరూ ఏడవలేదు. ఆటల టీచరు కొనిచ్చిన జామకాయలు తింటూ అవతలి జట్టులో ఎడంకాలి మీద గిర్రున తిరిగిన అమ్మాయి గురించి మాట్లాడుకున్నాం. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూడటం ఆ రోజు మరిచిపోయాను.

సంక్రాంతి సెలవులయ్యాక పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. కెప్టెన్ వాళ్ళమ్మ వచ్చింది. మొదటిసారి. పచ్చ చీర, నుదుట పెద్ద బొట్టు, కాళ్ళకు కడియాలు. కెప్టెన్ ముఖం పాలిపోయి ఉంది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను. వాళ్ళమ్మ ప్రిన్సిపల్ మేడమ్ ముందు చేతులు జోడించి, "నమస్తేనమ్మా. మా పోరి ఎట్ల సదువుతుంది? ఇంట్లైతే ఒక్కతాన కూసోదు" అంది. గదిలో వెనకబెంచీ నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. కెప్టెన్ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి.

ప్రిన్సిపల్ మేడమ్ కుర్చీలోంచి లేచింది. "కూసో అక్కా, నిలవడ్డవేంది? నీ బిడ్డకేమైంది, మంచిగనే సదువుతది. లెక్కలల్ల జర ఎనకున్నది" అంది.

మా అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఆవిడ నోట అలాంటి మాట మేమెన్నడూ వినలేదు. వాళ్ళిద్దరూ ఊళ్ళ గురించి మాట్లాడుకున్నారు. మేడమ్‌ది జనగామ దగ్గర పల్లె అట. వాళ్ళ నాన్న చర్చిలో పాటలు పాడేవాడట. మరి ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడ దాచుకుంది? ఎందుకు? మాకు వలయాలు గీసి కూర్చోబెట్టిన మనిషి తానెక్కడ కూర్చుంది? అడిగే ధైర్యం మాకు లేదు. మర్నాడు ప్రార్థనలో మళ్ళీ పుస్తకం తెలుగే మాట్లాడింది.

బయట వరండాలో మా అమ్మ, కెప్టెన్ వాళ్ళమ్మ ఒకే బల్లమీద కూర్చున్నారు. "మీదేవూరమ్మా?" అంది ఆవిడ. "తెనాలి దగ్గరండి" అంది మా అమ్మ. "అబ్బో, దూరమే. మీ దిక్కు మిరపకాయ మంచిగుంటదట గద?" అంది ఆవిడ. ఇక ఎండబెట్టడం, తొడిమలు తియ్యడం, పచ్చళ్ళు. మేమిద్దరం పక్కన నిలబడి వింటున్నాం. మేం ఇన్ని నెలలు కొట్టుకుచచ్చిన ప్రశ్న వాళ్ళ మధ్య మిరపకాయల్లో పడి మాయమైపోయింది. "గింతేనా?" అంది కెప్టెన్ మెల్లగా. నిజంగా అంతేనా, లేకపోతే అది వరండా కాబట్టి అంతేనా? మేం తేల్చుకోలేదు. అదే వారం మా ఇంటి వీధిలో ఒక షాపు బోర్డు మీదున్న ఆంధ్ర ఊరి పేరును ఎవరో నల్లరంగుతో కొట్టేశారు. అమ్మ కొన్నాళ్ళు బజారుకు వెళ్ళినప్పుడు తక్కువ మాట్లాడింది.

రాష్ట్రం వచ్చేనాటికి మేము ఇంటర్ అయిపోయి ఉన్నాం. ఆ సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేసింది. "ఎల్బీ నగర్ చౌరస్తాల సంబరాలు. నీకిది పండుగ గాదని నాకెర్కే. అయినా వస్తవా?" నాన్నను అడిగితే, "నీ స్నేహితురాలు పిలిచింది కదా, వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను. బోనాలు, డప్పులు, గులాల్. కెప్టెన్ గుంపులోకి పోకుండా ఫుట్‌పాత్ మీదే నిలబడి ఏడుస్తోంది. ఎందుకని అడిగాను. తెలియదంది. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. అది నా సంతోషమో, ఆమె సంతోషమో, అసలు సంతోషమేనో నాకు తెలియదు. వాన మొదలైతే పక్కనున్న మెడికల్ షాపు రేకు కింద నిలబడ్డాం.

మేము ఎక్కడికీ పోలేదు. నాన్న అదే షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. నేను ఎల్బీ నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేస్తున్నాను. కెప్టెన్ హయత్‌నగర్ వైపు ఒక బడిలో ఆటల టీచరు.

ఈమధ్య ఒకరోజు ఫోన్ చేసింది. వాళ్ళ బడిలో ఎనిమిదో తరగతిలో ఒరిస్సా నుంచి వచ్చిన పిల్ల ఒకతి చేరిందట. వాళ్ళమ్మానాన్నా అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర కట్టుబడి పనుల్లో ఉన్నారు. ఎవరేం అడిగినా నవ్వుతుందట, మాట్లాడదట. "పిల్లలు ఊకె ఏ ఊరు, ఏ ఊరని అడుగుతున్నరు. ఆమె దిక్కెల్లి నేను చెప్పాల్నా, ఊకోవాల్నా?"

"ముందు ఆ పిల్లనే అడుగు."

"అడిగిన. నవ్వుతది."

నాకేదో తెలిసి ఉండాలనే నాకే ఫోన్ చేసింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. "నాకూ తెలియట్లేదే" అన్నాను.

"నాకెర్కనే నీకు తెల్వదని" అంది. "శనివారం ఖాళీనా? ఒకసారి బడికి రారాదూ? ఆ పిల్లతోని ఇద్దరం కూసుందాం."

వస్తానన్నాను.